పదకొండో నంబరు గుండె

మా బావమరిది దవడను నేను రెండు చోట్ల విరగ్గొట్టాను. ఆక్సిజన్ సిలిండర్ విప్పే పానాతో, ఆసుపత్రి వరండాలో, మా ఆవిడ ముఖం మీద దుప్పటి కప్పిన పది నిమిషాలకు. మొదటి దెబ్బకే గోడకు ఆనుకుని జారిపోయాడు. రెండోది కింద కూర్చున్నవాణ్ణి కొట్టాను. మూడోది కూడా పడేదే. ఇద్దరు వార్డు మనుషులు వచ్చి నా చెయ్యి వెనక్కి విరిచి పట్టుకున్నారు. గచ్చు మీద రెండు పళ్ళు పడి ఉన్నాయి. వాడి నోట్లోంచి నెత్తురు తీగలా సాగుతోంది. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దానికే నాకు ఇంకా మండింది.

పోలీసులు అడిగితే మెట్ల మీద నుంచి పడ్డానని రాయించాడట. ఆ దయ నేను అడగలేదు.

వాడు అంబులెన్సులో పనిచేస్తాడు. గుండె లయ తప్పినవాళ్ళకు షాక్ ఇచ్చే పెట్టె వాడి చేతిలో ఉంటుంది. మా ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు ఒక చేత్తో సామాను పెట్టె, ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని వచ్చింది. తల్లిలేని పిల్లాడు. పుల్లలా ఉండేవాడని సన్నోడా అని పిలిచాను. నలభై ఏళ్ళు దాటినా సన్నోడే. నా తిండి తిన్నాడు, నా చేతి దెబ్బలు తిన్నాడు, నా ముందు గొంతెత్తడం మాత్రం నేర్చుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వంటింట్లో గిన్నె పడ్డ చప్పుడైంది. దాని వెనకే మనిషి పడ్డ చప్పుడు. నేను ఆసుపత్రికి ఫోన్ చెయ్యలేదు, వాడికే చేశాను. వాడి బండి మా వీధి చివర పెట్రోలు బంకులోనే ఉంది. ఐదు నిమిషాల్లో డ్రైవర్ని వెంటేసుకుని వచ్చాడు. వచ్చీ రాగానే మోకాళ్ళ మీద కూలబడి మెడ దగ్గర నాడి చూశాడు.

"గుండె కొట్టుకోవట్లేదు బావా, వణుకుతోంది. గౌను కత్తిరించాలి."

మెడ దాకా బొత్తాలున్న ఇంటి గౌను. డ్రైవర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వాడెందుకిక్కడ? బయటికి పొమ్మను."

"ఛాతీ నొక్కడానికి మనిషి కావాలి బావా."

"నేను లేనా? చచ్చానా?"

డ్రైవర్ ఏదో గొణుక్కుంటూ బయటికి పోయాడు. సన్నోడు కత్తెర తీశాడు. వాడి మణికట్టు పట్టుకున్నాను. ముప్పై ఆరేళ్ళుగా నేను తప్ప ఎవరూ చూడని ఒళ్ళు అది. తమ్ముడైనా మగాడే.

"నువ్వు అటు తిరుగు. ఎక్కడ అంటించాలో చెప్పు, నేనే అంటిస్తా."

"బావా, టైం లేదు..."

"తిరగమన్నానా!"

తిరిగాడు. గోడకేసి చూస్తూ చెప్పాడు. ఒక ప్యాడ్ కుడి మెడ ఎముక కింద, ఇంకోటి ఎడమ చంక కింద, పక్కటెముకల మీద. పై రెండు బొత్తాలు విప్పాను. మొదటిది అంటించాను. చంక కిందికి చెయ్యి పోవాలంటే గౌను మొత్తం విప్పాలి. రెండోదాన్ని కూడా పైనే, ఎడమ మెడ ఎముక కింద అంటించాను. రెండింటి మధ్య నాలుగు వేళ్ళ ఎడం. బొత్తాలు పెట్టేసి, "ఊఁ, కానియ్" అన్నాను.

వాడు ఇటు తిరిగాడు. రెండు తీగలూ మెడ దగ్గర్నుంచే బయటికి రావడం చూసి నోరు తెరిచాడు. నా ముఖం చూసి మూసుకున్నాడు. పెట్టె మీద షాక్ బలం చూపే ముల్లును, రెండు వందల దగ్గర ఉండాల్సినదాన్ని, డెబ్బై దగ్గరికి తిప్పాడు.

"అదేంట్రా?"

"అక్క తట్టుకోలేదు బావా. ముందు చిన్నది ఇచ్చి చూద్దాం."

మీట నొక్కాడు. ఆమె వీపు గచ్చు మీద నుంచి లేచి పడింది. మడమలు నేలకేసి కొట్టుకున్నాయి. కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. పెట్టెలోంచి సన్నటి కాగితం పట్టీ బయటికి వస్తూనే ఉంది. దాని మీద గీత పిచ్చి పట్టినట్టు కొట్టుకుంటోంది. అప్పుడు రెండు వందలు పెట్టాడు. ఒకసారి, ఇంకోసారి. మూడో దెబ్బకు ఆమె పళ్ళ మధ్య నాలుక నలిగి, నెత్తురు చెంప మీదుగా చెవిలోకి కారింది. ఆసుపత్రికి చేరేసరికి గీత చదునైపోయింది.

మొదటి దెబ్బే సరిగ్గా పడి ఉంటే బతికేది. తర్వాతివి ఎంత పెద్దవైతే ఏం లాభం, అప్పటికే గుండె అలిసిపోయింది. ఇది నా నమ్మకం. ఆ కాగితం పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాను. పానా ఆ తర్వాత దొరికింది.

అంబులెన్సు ఆఫీసు విచారణ పెట్టింది. ముల్లు డెబ్బై మీద ఉన్న సంగతి పెట్టెలోనే నమోదై ఉంది. ఉద్యోగం పీకడం చాలదు, నిర్లక్ష్యంతో ప్రాణం తీశాడని కేసు పెట్టాలని నేనే అర్జీ రాశాను. పెద్ద ఆఫీసరు అర్జీ చదివి కళ్ళజోడు తీశాడు.

"తక్కువ షాక్ వల్లే ఆమె పోయిందని రుజువేంటయ్యా? ఎక్కువ ఇచ్చినా పోయేదేమో."

"రుజువు తెస్తాను" అన్నాను. పది రోజులు గడువిచ్చాడు.

రుజువు నేను పనిచేసే చోటే ఉంది.

నేను చదివింది పల్లెలో, ఏడో తరగతి దాకా. తర్వాత మోటార్లకు తీగ చుట్టడం, వెల్డింగు, శీతల యంత్రాలు. ఇరవై రెండేళ్ళుగా వైద్య విశ్వవిద్యాలయంలో గుండె పరిశోధన విభాగంలో మేస్త్రీని. పై అంతస్తులో నిలువెత్తు బీరువాల్లాంటి కంప్యూటర్లు నలభై ఉన్నాయి. పొద్దస్తమానం లెక్కలు చేస్తూ పొయ్యిలా కాగుతాయి. కింద యంత్రాల గదిలో కంప్రెసర్లు నడిపి వాటిని చల్లగా ఉంచడం నా పని.

ఆ లెక్కలు చేయించేది ఒక అమ్మాయి. మా వాళ్ళంతా లెక్కలమ్మ అంటారు. స్కాన్ తీసిన గుండెను ముప్పై లక్షల ముక్కలుగా కంప్యూటర్లో కడుతుంది. ఒక్కో ముక్కలో ఎంత కరెంటుంది, పక్క ముక్కకు ఎంత పాకుతుంది, అన్నీ లెక్క కడుతుంది. అప్పుడు దానికి షాక్ ఇస్తుంది. బతికున్న మనిషి మీద చెయ్యలేని హింసంతా దాని మీద చేస్తుంది. గుండె వణికేలా చేస్తుంది, కొట్టి ఆ వణుకు ఆపుతుంది, ఆగకపోతే ఇంకో రకంగా కొడుతుంది. గుండెకు రెండు క్షణాలు, కంప్యూటర్లకు ఆరు గంటలు; అలాంటి దెబ్బలు వందైనా ఒకేసారి లెక్క కడతాయి. తెర మీద ఎరుపంటే కరెంటు పాకుతున్న కండ, నీలమంటే నిమ్మళించిన కండ.

మూడేళ్ళ కింద మా ఆవిడకు మొదటిసారి గుండెపోటు వచ్చింది. కండ మీద మచ్చ మిగిలింది. ఆ స్కాన్‌ను పరిశోధనకు ఇస్తారా అని అడిగితే ఇద్దరం సంతకం పెట్టాం. పేర్లుండవు, నంబర్లే. చీటీ నా చేతికే ఇచ్చారు. పదకొండు.

ఆమె పోయిన పదిహేనో రోజు మళ్ళీ పనిలోకి వెళ్ళాను. వడపోత జాలీలు మార్చడానికి పైకి వెళ్ళాను. తెర మీద ఒక గుండె ఎర్రగా, నీలంగా పగిలి కొట్టుకుంటోంది. మూలన పదకొండు అని ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా దాన్ని?"

"షాక్ ఇస్తున్నానండీ. ఇది చాలా మొండి గుండె మేస్త్రిగారూ, ఈ ఒక్కదానికే ఈ వారం రెండు వందలసార్లు ఇచ్చాను. మీ కింది మిషన్లు లేకపోతే ఈపాటికి నా బుర్ర కూడా ఉడికేది."

"అది మా ఆవిడది."

నవ్వు ఆగిపోయింది. చేతిలో కప్పు బల్ల మీద పెట్టబోయి సగం ఒలకబోసుకుంది.

"తీసేస్తాను. ఇప్పుడే తీసేస్తాను."

"తియ్యొద్దు. నాకొక పని చేసిపెట్టు."

కాగితం పట్టీ తీసి ఇచ్చాను. జరిగింది చెప్పాను. డెబ్బైతో కొడితే ఆ గుండె వణుకు ఆగదని, రెండు వందలతో కొడితే ఆగేదని చూపించమన్నాను.

"ఇది కోర్టు కాదండీ. లెక్క మాత్రమే. దీన్నెవరూ సాక్ష్యంగా ఒప్పుకోరు."

"నువ్వు చూపించు. ఒప్పించడం నా పని."

చాలాసేపు పట్టీ చూసింది.

"ప్యాడ్లు ఎక్కడున్నాయి?"

"పెట్టె మూత మీద బొమ్మ ఉంటుందిగా. అక్కడే."

అబద్ధం తేలిగ్గానే వచ్చింది. నా భార్య ఒంటి మీద ఏది ఎక్కడుందో ఈ పిల్లకెందుకు?

మర్నాడు సాయంత్రం పిలిచింది. తెర మీద పదకొండు వణుకుతోంది. ఎర్రటి సుడులు ఒకదాన్నొకటి చీల్చుకుంటున్నాయి. డెబ్బై పడింది. గుండెంతా ఒక్కసారి తెల్లబోయి, నీలమైంది. అలాగే ఉంది. తర్వాత పై నుంచి ఒక ఎర్ర అల వచ్చి, కండ మొత్తాన్ని ఒక్క పట్టున ముడిచి వదిలింది. మళ్ళీ ఇంకోటి. కొట్టుకుంటోంది.

"బతికింది" అంది లెక్కలమ్మ మెల్లగా. "నలభై వేర్వేరు క్షణాల్లో కొట్టి చూశాను. డెబ్బైతో ముప్పై మూడుసార్లు వణుకు ఆగింది. రెండు వందలతో నలభైకి నలభై."

నేను తెరను పిడికిలితో గుద్దాను. అద్దం చిట్లి వేలి కణుపుల్లో దిగింది. ఇంకో గుద్దు గుద్దాను. కొట్టుకుంటున్న గుండె మీద నా నెత్తురు కారింది.

"నీ మిషను అబద్ధాలకోరు!"

ఆమె గోడ దాకా వెనక్కి పోయింది.

"మిషనుకు అబద్ధం చెప్పడం రాదండీ. నేను చెప్పిందే తిరిగి చెబుతుంది. నాకు చెప్పింది మీరు." పట్టీ తీసి, దెబ్బ పడ్డ చోట వేలు పెట్టింది. "ఇక్కడ చూడండి. షాక్ తర్వాత గీత ఒకటిన్నర చిన్న గడి, అంటే సెకనులో వెయ్యో వంతులు అరవై, చదునుగా ఉంది. ఆ తర్వాత వణుకు మళ్ళీ మొదలైంది. మూడు షాకులకూ ఇదే తీరు. రెండు వందలకు కూడా. నా లెక్కలో అలా రాలేదు. అంటే నేను పెట్టిన దాంట్లో ఏదో తప్పుంది. మూత మీద బొమ్మ సంగతి వదిలెయ్యండి. ప్యాడ్లు ఎక్కడున్నాయి?"

నెత్తురోడుతున్న చేత్తో నా చొక్కా మీదే చూపించాను. ఇక్కడొకటి, ఇక్కడొకటి. ఆమె స్కేలు తెచ్చి నా ఛాతీకి ఆనించి కొలిచింది. ఏడు సెంటీమీటర్లు. ఎవరు పెట్టారని అడగలేదు. అంకె కొట్టింది.

"రేపు పొద్దున పదింటికి మొదలుపెడతాను."

మర్నాడు పదకొండు గంటలు దాటాక కింద గదిలో కంప్రెసర్ల మధ్య కూర్చున్నాను. ఏడో తరగతి వాణ్ణే. కానీ నలభై ఏళ్ళు కరెంటుతో బతికాను. దగ్గర దారి దొరికితే అది లోతుకు దిగదు, పైపైనే పారిపోతుంది. వెల్డింగులో ఎర్త్ క్లిప్పు ఎక్కడ పెట్టాలో ఎంతమందికి తన్ని నేర్పానో లెక్కలేదు. తప్పు చోట పెట్టినవాణ్ణి గాడిద అని తిట్టేవాణ్ణి. ఆ ఆదివారం నాలుగు వేళ్ళ ఎడంలో నేనే పెట్టాను.

లేచి మెయిన్ బ్రేకర్ కిందికి లాగాను.

కంప్రెసర్లు ఒకదాని వెనక ఒకటి చచ్చాయి. పైన పది నిమిషాల్లో హారన్ మోగింది. పావుగంటకు కంప్యూటర్లు తమంతట తాము ఆగిపోయాయి. లెక్కలమ్మ మెట్లు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"ఏమైంది?"

"నేనే లాగాను."

నా చేతి కట్టు వంక, బ్రేకర్ వంక చూసింది.

"పైన ఇంకా తొమ్మిది మంది లెక్కలు నడుస్తున్నాయి. నెలల కష్టం. బుద్ధుందా మీకు?" అరిచింది. నాకు కూతురుంటే దాని వయసు కూడా ఉండదు. ఆ విభాగంలో నా మీద ఇంతవరకు ఎవరూ అరవలేదు. "అయినా ఏం లాభం? పది నిమిషాలకోసారి భద్రం చేసుకుంటుందది. చల్లబడ్డాక ఆగిన చోటునుంచే మొదలుపెడుతుంది. వెయ్యండి స్విచ్చి!"

వేశాను.

సాయంత్రం ఆరింటికి చూపించింది. నా ప్యాడ్లు, వాడి డెబ్బై. దెబ్బ పడింది. గుండె పైనంతా నీలమైంది. వణుకు ఆగిందనుకున్నాను. ఆమె తెర మీద గుండె గోడను కత్తితో కోసినట్టు నిలువునా కోసి లోపల చూపించింది. మచ్చ పక్కన, కండ లోతులో, కరెంటు అందని చోట ఎర్రటి దారం ఒకటి పాకుతోంది. పైకి ఏమీ తెలియడం లేదు. తెర మీది గడియారంలో వెయ్యో వంతుల అంకె అరవై దాటేసరికి అది గోడను చీల్చుకుని బయటపడింది, మచ్చకు తగిలి తిరగబడింది, సుడి అయింది. ఒక సుడి రెండైంది. గుండె మళ్ళీ ముక్కలై వణికింది.

ఆమె పట్టీని తెర పక్కన పెట్టింది. ఒకటిన్నర గడి. సరిగ్గా.

"రెండు వందలు?"

"అదీ వేశాను. నలభైలో ముప్పై ఆరుసార్లు ఇంతే."

కాగితం మీద అచ్చు వేసి ఇచ్చింది. "దీంతో ఏం చేస్తారో మీ ఇష్టం. నేనెవరికీ చెప్పను."

నేను నోరు మూసుకుంటే చాలు. గదిలో ఆనవాళ్ళు లేవు, గౌను కాల్చేశాం, డ్రైవర్ బయట ఉన్నాడు. డెబ్బై మాత్రం పెట్టెలో నమోదై ఉంది. సన్నోడు జైలుకు పోతాడు. ఇంటికెళ్ళి కాగితం బల్ల మీద పెట్టుకుని దాని గురించి నిదానంగానే ఆలోచించాను. వాడు పోతే పోనీ అనే అనుకున్నాను. అలా అనుకున్నానని దాచను.

విచారణ గదిలో బల్లకు అవతల ముగ్గురు ఆఫీసర్లు. ఇవతల ఒక బెంచీ మీద డ్రైవర్, సన్నోడు. వాడి దవడను తీగలతో కట్టేశారు. పళ్ళు బిగించి మాట్లాడుతున్నాడు, మాటకో చుక్క ఉమ్మి కారుతోంది.

"డెబ్బై ఎందుకు పెట్టావు?"

"భయమేసింది సార్. మా అక్క."

"ప్యాడ్లు ఎక్కడ పెట్టావు?"

వాడు నా వైపు చూడలేదు. "పెట్టాల్సిన చోటే సార్. నేనే పెట్టాను."

మళ్ళీ అదే. మెట్ల మీద నుంచి పడ్డవాడే మళ్ళీ పడుతున్నాడు, నాకోసం. ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. దవడ మూడో చోట విరగ్గొట్టాలనిపించింది. జీవితాంతం వీడి దయ కింద బతకాలా?

లేచి నిలబడ్డాను. "అబద్ధం. ప్యాడ్లు పెట్టింది నేను. రెండూ పైనే పెట్టాను. వాడు సరైన చోటు చెప్పాడు, నేను పెట్టలేదు."

పెద్ద ఆఫీసరు కలం ఆపాడు. "అతను పక్కనుండగా మీరెందుకు పెట్టారు?"

"నా భార్య ఒళ్ళు వాడు చూడకూడదని."

డ్రైవర్ బెంచీ మీద నుంచే అన్నాడు, "నన్ను బయటికి గెంటినప్పుడే అనుకున్నా. మనిషి కన్నా బొత్తాలు ముఖ్యమైపోయాయి." ఆఫీసరు వాణ్ణి కసురుకున్నాడు. మాట మాత్రం గదిలో ఉండిపోయింది. లెక్కలమ్మ కాగితం బల్ల మీద పెట్టి కూర్చున్నాను.

బయట బండ్లు నిలిపే చోట సన్నోడు నన్ను ఆపాడు.

"ఎందుకు చెప్పావు?"

"నీ దయ నాకొద్దు. తీగలు చూశావుగా ఆ రోజు. ఎందుకు నోరెత్తలేదురా?"

"నువ్వంటే భయం బావా." పళ్ళ మధ్య నుంచి ఈల లాంటి చప్పుడొచ్చింది. "ఐదేళ్ళప్పటి నుంచీ భయమే. అక్క చచ్చిపోతోంది, నాకు నువ్వే కనబడ్డావు."

చేతిలో బండి హెల్మెట్ ఉంది. దాంతో కొట్టాడు. ముక్కు ఎముక విరగడం నా తలలో వినబడింది. రెండోది చెవి మీద. మోకాళ్ళ మీద పడ్డాను. మూడోది, నాలుగోది. కొట్టేటప్పుడు అరవబోయి దవడ తీగ తెంపుకున్నాడు, వాడి నెత్తురు కూడా నా మీదే పడింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దాంతో వాడికి ఇంకా కోపమొచ్చింది. అది నాకు తెలిసిన కోపమే.

డ్రైవర్ వచ్చి లాగేదాకా కొట్టాడు. నేను మెట్ల మీద నుంచి పడ్డానని ఎక్కడా రాయించలేదు. అడిగినవాళ్ళకు మా బావమరిది కొట్టాడని చెప్పాను, ఎందుకు కొట్టాడో కూడా చెప్పాను.

వాడికి ఆరు నెలలు సస్పెన్షన్. కేసు పెట్టలేదు. వాడి డెబ్బైని నేను క్షమించలేదు. ప్యాడ్లు సరైన చోట ఉన్నా డెబ్బైకి ఆగనివి నలభైలో ఏడు, అవి వాడివి. నా బొత్తాలను వాడూ క్షమించలేదు. మా మధ్య మాటల్లేవు, ఉండవు.

కట్లు విప్పాక పనికి వెళితే లెక్కలమ్మ అప్పటికే కొత్త తెర తెప్పించింది. పదకొండును తీసేయమంటారా అని మళ్ళీ అడిగింది. అంబులెన్సుల్లో చేరే కొత్తవాళ్ళు ప్యాడ్లు తప్పు చోట పెడితే ఏమవుతుందో చూపించడానికి ఇంతకన్నా మంచి లెక్క తన దగ్గర లేదంది. చెప్పేటప్పుడు నా వైపు చూడలేదు.

"ఉంచు" అన్నాను.

ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం పదిమందో ఇరవైమందో మెట్లెక్కి వస్తారు. నేను కింద కంప్రెసర్లు నడిపి, పై గది పద్దెనిమిది డిగ్రీలకు తెచ్చిపెడతాను. పదిన్నరకు పదకొండో గుండె మీద షాక్ పడుతుంది. ఏడు సెంటీమీటర్లు. యంత్రాల చప్పుడులో నాకేమీ వినబడదు. గడియారం చూస్తాను. అది మళ్ళీ వణకడం మొదలుపెట్టే వేళకు లేచి, నూనె మట్టం చూసి, పుస్తకంలో రాసి సంతకం పెడతాను.